ఆరు తరాల రాంచ్‌ల పట్టా ఎవరిది, పని ఎవరిది?

ఈ నడుమ ఓటీటీల ఏ ఇంగ్లిష్ సీరియల్ పెట్టినా ఒక రాంచ్ కథ కనవడుతున్నది. పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన, కనుచూపు మేర గడ్డి, వేల పసులు, నడుమల ‘ఇది మా తాత ముత్తాతల చెమట, ఎవ్వరికియ్యం’ అనే డైలాగు. ‘ఎల్లోస్టోన్’ చూసినోళ్లకు ఈ కథ ఎరికే. మన దిక్కు సుత వెంచర్లోళ్లు పావెకరం ఫామ్ ప్లాటుకు ‘రాంచ్’ అని పేరు పెట్టి, గేటు మీద గుర్రం బొమ్మ గీపిస్తున్నరు.

ముత్తాత చెమట అబద్ధం గాదు. అయితే ఆ జాగల చెమట కార్చిన ముత్తాతలు శానా మంది ఉన్నరు. అండ్ల కాయితం మీదికెక్కిన ముత్తాత ఒక్కడే. ఎట్లెక్కిండు, ఎక్కినంక నూటడెబ్బై ఏండ్లు ఆ కాయితం చినగకుంట ఎట్ల కాపాడుకున్నరు అన్నదే అసలు రాంచ్‌ల చరిత్ర. అమెరికాల ఇసొంటి కుటుంబాల రాంచ్‌లు వందల కొద్ది ఉన్నయ్. వాటన్నిట్ల ఎక్కువ పేరున్నది దక్షిణ టెక్సస్‌ల ఉన్న కింగ్ రాంచ్. ఇప్పటికీ దాని కింద టెక్సస్‌ల 8 లక్షల 25 వేల ఎకరాలున్నయ్. మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, మొన్నటిదాక 650 చదరపు కిలోమీటర్లున్న జీహెచ్ఎంసీ అసొంటివి ఐదు పెట్టినా ఇంకింత జాగ మిగుల్తది. తెలంగాణల పెద్ద దొర అంటే సూర్యాపేట దిక్కు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండెనని సాయుధ పోరాట చరిత్రల రాసిన్రు. దానికి ఐదింతల కన్న ఎక్కువ ఇది.

ముందుగాల రాంచ్ అంటే ఏందో చెప్పుకోవాలె. మన దగ్గర పసులంటే ఎవుసానికి తోడు. రెండు ఎడ్లు, ఒక బర్రె, కొట్టంల కట్టేసి చొప్ప ఏసుడు, పొద్దుగాల పసులకాడి పిలగాడు ఊరి కంచెకు తోల్కపోవుడు. రాంచ్ అట్ల గాదు. ఆడ దున్నుడుండదు, జాగంత గడ్డే. వాన తక్కువ పడే నేల కాబట్టి ఒక్క ఆవు బతకాలంటే పది ఎకరాలు, కొన్ని కాడ ఇరవై ఎకరాలు కావాలె. వెయ్యి ఆవులు పెట్టాలంటే పది, ఇరవై వేల ఎకరాలు. అందుకే ఈ దందాల మంద కన్న ముందు జాగ రావాలె. జాగ ఎవని చేతుల ఉంటే మంద ఆని చేతుల ఉన్నట్టు.

ఆ మాట గూడ ఇంగ్లిషోళ్లది గాదు. స్పానిష్ ‘రాంచో’ నుంచి వచ్చింది. పసులు కాసేటోన్ని స్పానిష్‌ల ‘వాకేరో’ అంటరు, అమెరికనోళ్లు నోరు తిరగక దాన్ని ‘బకరూ’ చేసిన్రు. తాడుకు ‘లారియట్’ అనే పేరు, రోడియో అనే ఆట, కాళ్లకు కట్టుకునే తోలు ‘చాప్స్’ అన్నీ అక్కడియే. మనం సినిమాలల్ల చూసే తెల్ల కౌబాయ్ ఈ పనంత మెక్సికో వాకేరోల కాడ నేర్చుకున్నోడు. అంతర్యుద్ధం తర్వాత పసులు తోలిన కౌబాయ్‌లల్ల నలుగుట్ల ఒకడు నల్లోడని చరిత్రకారులు లెక్క గడ్తరు. సినిమాలల్ల ఆ ఒకడు కనవడడు.

ఇగ కింగ్ రాంచ్ కాడికి వద్దాం. ఆ నేల మీద ముందు కరంకావా, కొవాయిల్టెకన్ అసొంటి ఆదివాసీ తెగలు తిరిగేటియి. తర్వాత స్పెయిన్ రాజు, ఆ తర్వాత మెక్సికో సర్కారు తమ మనుషులకు వేల ఎకరాల చొప్పున గ్రాంట్లు ఇచ్చినయ్. మన ఇనాములు, జాగీర్ల తీరు అనుకోవచ్చు. 1846ల అమెరికా మెక్సికో మీద యుద్ధానికి పోయింది. 1848ల గ్వాదలూపె హిదాల్గో ఒప్పందం అయింది. రియో గ్రాండె నది అమెరికాకు సరిహద్దు అయింది. నదికి ఉత్తరాన జాగలున్న మెక్సికనోళ్ల ఆస్తికి భద్రత ఉంటదని మాటిచ్చిన్రు.

మాటైతే ఇచ్చిన్రు. అయితే ‘మీ జాగ మీదే అని రుజువు చేసుకోన్రి’ అన్నరు. ధరణిల పేరెక్కక ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లకు ఈ ముచ్చట ఇడమర్చి చెప్పే పని లేదు. 1850ల టెక్సస్ సర్కారు ఒక కమిషన్ ఏసింది. కమిషనర్ మిల్లర్ ఊరూరు తిరిగి పాత అసలు పట్టాలు, ఫీజు పైసలు జమ చేసుకున్నడు. అవి పట్టుకొని ఆన్సన్ అనే స్టీమర్ ఎక్కిండు. అది సముద్రంల మునిగింది. కాయితాలు పోయినయ్, పైసలు పోయినయ్. మళ్ల సాక్ష్యాలు తెచ్చి చూపెట్టుకుంటే 1852ల శాసనసభ శానా గ్రాంట్లను ఒప్పుకున్నది. అప్పటికే జనానికి తమ జాగ మీద ధైర్యం సగం పోయింది. కోర్టు భాష ఇంగ్లిష్, వకీల్లు ఇంగ్లిషోళ్లు, ఫీజు కట్టాలంటే జాగల్నే కొంత అమ్మాలె.

గసొంటి టైంల దిగిండు రిచర్డ్ కింగ్. పెద్దింటోడు గాదు. 1824ల న్యూయార్క్‌ల ఐరిష్ వలసోళ్లకు పుట్టిండు. చిన్నగున్నప్పుడే ఒక నగల దుకాణంల పనికి పెడితే పారిపోయి దొంగతనంగ పడవెక్కిండు. స్టీమర్ నడుపుడు నేర్చుకున్నడు. మెక్సికో యుద్ధం నడుస్తుంటే రియో గ్రాండె మీద సైన్యానికి సరుకులు మోసిండు. యుద్ధమైనంక మిఫ్లిన్ కెనెడీ అనే దోస్తుతోని కలిసి ఆ నది మీద స్టీమర్ల వ్యాపారం చేతికి తెచ్చుకున్నడు. 1853ల రింకోన్ డి సాంటా గెర్ట్రూడిస్ అనే గ్రాంటును, 15,500 ఎకరాలు, మెక్సికోల కామార్గో ఊర్లె ఉన్న మెండియోలా వారసుల కాడ కొన్నడు. ఎంతకు? 300 డాలర్లకు. ఎకరం రెండు సెంట్లు. మరుసటేడు పక్కనే 53 వేల ఎకరాల ఇంకో గ్రాంటు 1,800 డాలర్లకు కొన్నడు.

ఇది దోపిడీనా, బేరమా? నాకైతే రెండు మాటలూ సరిపోవు అనిపిస్తది. తుపాకి పెట్టి గుంజుకోలేదు, పైసలిచ్చి కాయితం రాయించుకున్నడు. అమ్మినోళ్లు నదికి అవతల ఉన్నరు. జాగ ఇంకో దేశంల వడ్డది. ఆడికి పోతే దాడుల భయం, పోకపోతే జాగ ఉన్నట్టా లేనట్టా తెల్వది. అసొంటప్పుడు రెండు సెంట్లు వచ్చినా వచ్చినట్టే అనుకున్నరు. మన దగ్గర కరువు ఏండ్లల్ల సాదాబైనామా మీద ఎకరాలు చేతులు మారినప్పుడు ధర ఎవడు చెప్పిండో, ఈడ గూడ గంతే. బేరం న్యాయమైందా లేదా అన్నది చేతిల ఉన్న పైసల మీద గాదు, ఎవడు ఆగగల్గుతడు, ఎవడు ఆగలేడు అన్నదాని మీద ఉంటది.

జాగ వచ్చింది, మంద కావాలె. 1854ల, ఈ రాంచ్ కథల్నే అన్నిటికన్న ఎక్కువ యాదికుంచుకోవాల్సిన ముచ్చట అయింది. మెక్సికోల తామౌలిపాస్ రాష్ట్రంల క్రుయియాస్ అనే ఊరు కరువుల ఎండిపోయింది. కింగ్ ఆ ఊరికి పోయి ఉన్న పసులన్ని కొన్నడు. కొన్నంక ఎనకకు తిరిగి వస్తుంటే ఆయనకు తట్టింది: పసులు అమ్ముకున్న ఊరు ఇగ ఏం తిని బతుకుతది? మళ్ల పోయి, మీరంత నాతోని వస్తరా, ఇండ్లు ఇస్త, తిండి ఇస్త, జీతమిస్త అన్నడు. వంద మంది దాక, ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు, సామాన్ల బండ్లు, కోళ్లు, మేకలతోని ఎండిన ఊరిడిసి ఉత్తరానికి నడిచిన్రు. రాంచ్ నడిపేది కింగ్‌కు తెల్వదు, ఆయన పడవలోడు. పసుల పని వాళ్లకు తెల్సు. వాళ్లకు ‘కినేన్యోలు’ అని పేరొచ్చింది, అంటే కింగ్ మనుషులు.

ఆ కుటుంబాలే తరం మీద తరం ఆ రాంచ్‌ల పని చేసినయ్. తండ్రి గుర్రాలు మచ్చిక చేస్తే కొడుకూ అదే. తల్లి పెద్దింట్ల వంట చేస్తే బిడ్డా అదే. మన గడీల కింద తరతరాలు జీతమున్న కుటుంబాలు మనకు యాదికొస్తయ్. రెండూ ఒకటే అంటే తప్పే. ఈడ జీతం డాలర్లల్ల ఇచ్చిన్రు, ఇండ్లు కట్టిచ్చిన్రు, తర్వాత బడి పెట్టిన్రు, ముసలితనం వస్తే ఎల్లగొట్టలేదు. టెక్సస్‌ల మెక్సికన్ కూలీకి బయట దొరికే బతుకు కన్న ఇది శానా నయమని కినేన్యోలు తమ నోటితోనే చెప్పుకున్నరు. అయినా ఒకటి మాత్రం ఇయ్యలేదు, అది జాగ. ఫోర్‌మన్ దాక ఎదిగినోళ్లున్నరు. ఆ కంపెనీల వాటాదారు అయ్యేది మాత్రం రక్తం తోని, పెండ్లి తోనే.

పసులతోని కింగ్‌కు పైసలొచ్చుడు తర్వాత సంగతి. ముందు వచ్చిన పైసలు స్టీమర్లయి. 1861ల అంతర్యుద్ధం వస్తే ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను మూసేసినయ్. దక్షిణాది పత్తికి ఒక్కటే తొవ్వ మిగిలింది, రియో గ్రాండె దాటి మెక్సికో రేవు మీదికెళ్లి యూరప్‌కు. ఆ తొవ్వ కింగ్ రాంచ్ పక్క నుంచే పోయింది, ఆ నది మీద పడవలు కింగ్, కెనెడీలయి. బానిసల చేతులతోని ఏరిన పత్తి అది. ‘పసులు మేపి సంపాదించిన రాజ్యం’ అనే మాటల ఈ పత్తి ముచ్చట చెప్పరు.

యుద్ధమైపోయినంక పసుల కాలం వచ్చింది. టెక్సస్‌ల నాలుగైదు డాలర్లకు దొరికే పసి, ఉత్తరాది నగరాలల్ల 30, 40 డాలర్లు పలికింది. కాన్సస్ రైలు స్టేషన్ల దాక మందను నడిపిచ్చుకుంట పోవాలె, రెండు మూడు నెలల తొవ్వ. 1869 నుంచి 1884 నడుమ కింగ్ లక్షకు పైన పసులను ఉత్తరాన పంపిండు. ఆయన ముద్ర, పాము తీరు వంకర్లు తిరిగిన ‘డబ్ల్యూ’, 1869ల రిజిస్టర్ అయింది.

అదే టైంల కంచె వచ్చింది. అప్పటిదాక గడ్డి అందరిది అన్నట్టే ఉండె. నాలుగు పసులున్నోడు గూడ బయల్ల మేపుకునేటోడు. 1874ల జోసెఫ్ గ్లిడెన్ ముండ్ల తీగకు పేటెంట్ తీస్కున్నడు. పదేండ్లల్ల టెక్సస్‌ను ఆ తీగ చుట్టేసింది. పెద్దోళ్లు తమ జాగతోని పాటు సర్కారు జాగ, తొవ్వలు, చెర్వు గట్లు గూడ లోపలేసి చుట్టిన్రు. జాగ లేని చిన్నోడు రాత్రిపూట పోయి తీగ కత్తిరిచ్చిండు. 1883ల కరువుల ఇది పెద్ద లొల్లి అయింది. మరుసటేడు సర్కారు చట్టం చేసింది. కంచె కోసేటోనికి జైలు. చుట్టినోడు తొవ్వ కాడ గేటు పెట్టాలన్నరు, సర్కారు జాగను చుట్టుడు తప్పన్నరు. అయితే ఆ తప్పుకు పడే శిక్ష కోసినోని శిక్ష ముంగట ఎంతనో తక్కువ. మన కంచె భూములు, బంచరాయి జాగలు ఎట్ల పోయినయో చూసినోళ్లు, గొర్లు పంచి మేపే జాగ మాట మర్చిన సంగతి తెల్సినోళ్లు, దీన్ని ఇంకోతీరు చదువుకుంటరు.

1885ల కింగ్ సచ్చిపోయిండు. అప్పటికి 6 లక్షల 14 వేల ఎకరాలు, నెత్తి మీద 5 లక్షల డాలర్ల అప్పు. అంత జాగ, చేతిల నగదు లేదు. రాంచ్ అంటే ఎప్పటికీ గిదే పరిస్థితి. ఆస్తంత భార్య హెన్రియెట్టా పేరున రాసిపోయిండు. ఆమె ఒక పాస్టర్ బిడ్డ. రాబర్ట్ క్లెబర్గ్ అనే వకీలును మేనేజర్‌గ పెట్టుకున్నది, మరుసటేడు ఆయన్నే అల్లుడు చేసుకున్నది. 1925ల ఆమె పోయేనాటికి ఆస్తి 10 లక్షల ఎకరాలు దాటింది. మొగోళ్ల కథగ చెప్పే రాంచ్‌ను నలభై ఏండ్లు యజమానిగ కాపాడింది ఒక ముసలామె. ఆమె సావుకు కినేన్యోలు రెండు వందల మంది దాక గుర్రాల మీద వచ్చి, బొంద చుట్టు ఒక్క సుట్టు తిరిగి పోయిన్రు.

వకీలు మాట వచ్చింది కాబట్టి ఒక కేసు చెప్పాలె. మొట్టమొదటి 15,500 ఎకరాలల్ల సగం వాటా తన భర్తదని మేజర్ చాప్‌మన్ అనే సైనికాధికారి భార్య, అప్పటికే ముండమోసినామె, 1879ల దావా ఏసింది. ఆమె తరఫున నిలబడ్డ వకీలు కంపెనీల క్లెబర్గ్ గూడ ఉన్నడు. కేసు నడుస్తుండంగనే ఆయన కింగ్ పనులు గూడ చూస్తున్నడని, అందుకే 1883ల కేసు 5,811 డాలర్లకు రాజీ అయిందని చాప్‌మన్ వారసులు నూరేండ్ల తర్వాత 1990లల్ల మళ్ల కోర్టుకెక్కిన్రు. టెక్సస్ సుప్రీంకోర్టు 2003ల కింగ్ రాంచ్ పక్కనే తీర్పిచ్చింది. పాత తీర్పును ఇప్పుడు తిరగదోడేటంత రుజువు లేదన్నది. 150 ఏండ్ల కింది కాయితం ఇంక కోర్టుల నడుస్తున్నదంటే, ఆ కాయితం విలువ ఏందో అర్థమైతది.

1915 ముచ్చట చెప్పకుంట దాటలేం. మెక్సికోల విప్లవం నడుస్తున్నది. నది ఇవతల రైలు వచ్చింది, ఉత్తరాది నుంచి రైతులు దిగిన్రు, జాగల ధరలు లేసినయ్, మెక్సికన్ కుటుంబాల చేతుల మిగిలిన జాగలు గూడ పోవుడు షురూ అయింది. కొందరు తుపాకులు పట్టిన్రు. ఆగస్టు 8 నాడు కింగ్ రాంచ్‌ల నోరియాస్ అనే జాగ మీద దాడి చేసిన్రు. రాంచ్ మనుషులు, సైనికులు ఎదురు కాల్పులు జరిపి తిప్పికొట్టిన్రు. దాడి చేసినోళ్లు మెక్సికనోళ్లు, లోపలికెళ్లి రాంచ్‌ను కాపాడినోళ్లల్ల మెక్సికన్ కినేన్యోలున్నరు. కాల్పులల్ల ఒక కినేన్యో ఇంటి ఆడామె గూడ సచ్చిపోయింది. ఆ తెల్లారి టెక్సస్ రేంజర్లు శవాలకు తాడ్లు కట్టి, గుర్రాల మీద కూసొని ఫొటో దిగిన్రు. ఆ ఫొటో పోస్టుకార్డు అయి అంగళ్లల్ల అమ్ముడువోయింది. ఆ ఏడాది, మరుసటేడు సరిహద్దు ఊర్లల్ల విచారణ లేకుంట సంపబడ్డ మెక్సికనోళ్లు వందల మంది. ఆడోళ్లు ఇప్పటికీ దాన్ని ‘లా మతాన్సా’ అంటరు, అంటే ఊచకోత. 1919ల హోసె కనాలెస్ అనే ఎమ్మెల్యే శాసనసభల రేంజర్ల మీద విచారణ పెట్టించిండు. ఆయన గూడ ఒక పాత రాంచ్ కుటుంబం పిలగాడే.

ఇగ మన దగ్గరి ముచ్చట. టెక్సస్ పాత జాతి లాంగ్‌హార్న్, ఎండకు తట్టుకుంటది గని బక్కది, మాంసం తక్కువ. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన షార్ట్‌హార్న్ బలంగుంటది గని ఆ ఎండకు, ఆ గోమార్లకు ఆగదు. టెక్సస్ పసులు నడిచిపోయిన తొవ్వల్ల ఉత్తరాది పసులు ఎందుకు సస్తున్నయో ఏండ్లకు ఏండ్లు ఎవ్వరికీ సమజ్‌గాలేదు. 1893ల థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే సైంటిస్టులు ఆ జ్వరాన్ని మోసేది గోమారేనని తేల్చిన్రు. పురుగు రోగం మోస్తదని సైన్స్‌ల రుజువైన తొలి కేసులల్ల ఇదొకటి. కింగ్ రాంచ్ పసులను మందు నీళ్లల్ల ముంచే గుంతలు కట్టింది. అయినా ఎండకు మందు లేదు.

మందు ఈడికెళ్లి పోయింది. మూపురం, వదులు తోలు, పొట్టి బొచ్చు ఉన్న మన పసులు ఎండల గూడ మేస్తయ్, గోమార్లు తక్కువ పడ్తయ్. 1906ల పియర్స్ రాంచ్‌ది ఒక మనిషి ఇండియాకొచ్చి 51 పసులను కొని ఓడెక్కిచ్చిండు. న్యూయార్క్ కాడ ఒక దీవిల నెలల తరబడి ఆపిన్రు. రోగం ఉన్నవని కొన్నిట్ని సంపిన్రు. చివరికి 33 బయటవడ్డయ్. ఇట్ల పోయిన ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ జాతుల రక్తం కలిపి అమెరికనోళ్లు ఒక కొత్త జాతి చేసిన్రు, దానికి ‘బ్రాహ్మన్’ అని పేరు పెట్టుకున్నరు. మన దగ్గర ఆ పేరుతోని ఏ ఎద్దూ లేదు, ఆ పేరు వాళ్ల కల్పితమే.

1918ల కింగ్ రాంచ్ ఆ పియర్స్ ఎస్టేటు నుంచే 52 బ్రాహ్మన్ కోడెలను కొని తన షార్ట్‌హార్న్ ఆవుల మీదికి ఇడిసింది. 1920ల ఒక ఎర్ర దూడ పుట్టింది. అల్లరి చేస్తున్నదని ‘మంకీ’ అని పేరు పెట్టిన్రు. ఆ ఒక్క కోడె సంతానం మీదనే సాంటా గెర్ట్రూడిస్ అనే జాతి నిలబడ్డది. ఎనిమిది పాళ్లల్ల మూడు బ్రాహ్మన్, ఐదు షార్ట్‌హార్న్. 1940ల అమెరికా వ్యవసాయ శాఖ దాన్ని జాతిగ ఒప్పుకున్నది, ఆ దేశంల తయారైన మొదటి మాంసపు పసుల జాతి అది. 1952 నుంచి దాన్ని ఆస్ట్రేలియాకు, తర్వాత ఇంకిన్ని దేశాలకు పంపిన్రు. బ్రెజిల్ల ఇంకో తీరు అయింది. ఆడ కలుపుడు తక్కువ, ఒంగోలు రక్తాన్ని ఉన్నట్టే పెంచిన్రు. ఒంగోలు అప్పట్ల నెల్లూరు జిల్లాల ఉండె కాబట్టి ‘నెలోర్’ అన్నరు. 1960ల మొదట్ల పోయిన ఒక ఎద్దుకు ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే ఉన్నది. 40 కోట్ల ఆవు అని మొన్న వాట్సాప్‌ల తిరిగిన వియాటినా-19 ఆ జాతిదే. ఆడ గూడ ఆ మందలు పెద్ద కుటుంబాల ఫజెండాలల్ల ఉన్నయ్. జాతి మనది, జాగ వాళ్లది. ఎవరు బాగుపడ్డరో చెప్పే పని లేదు.

ఇంత జాగ ఒక్క కుటుంబం చేతుల ఎట్ల ఆగింది? పసుల లాభం మీదనైతే ఆగేది గాదు. హెన్రియెట్టా వీలునామాల ఆస్తిని పదేండ్లు ట్రస్టు కింద పెట్టి, తర్వాత పంచమన్నది. ఆ పదేండ్ల నడుమనే 1929 మాంద్యం వచ్చింది, అప్పులు, వారసత్వ పన్ను మీదవడ్డయ్. 1933ల హంబుల్ ఆయిల్ కంపెనీకి నూనె తవ్వే లీజు ఇచ్చి అప్పు తీస్కున్నరు. 1934ల క్లెబర్గ్ కుటుంబం తమ వంతును కంపెనీగ మార్చింది. అంటే ఇగ వారసునికి దొరికేది ఎకరాలు గాదు, షేర్లు. అన్నదమ్ములు కొట్లాడుకున్నా గడ్డి ముక్కలు గాదు. తర్వాత ఆ నేల కింద నూనె, గ్యాస్ దండిగ వడ్డయ్. ఇప్పుడు ఆ కంపెనీ ఫ్లోరిడాల సంత్ర తోటలు పెడ్తది, పత్తి పండిస్తది, వేటగాళ్లకు జాగ కిరాయికిస్తది, ఫోర్డ్ ట్రక్కుల మీద పేరు వాడుకోనిస్తది. టెక్సస్ చట్టం 1978 నుంచి పసులు మేసే జాగకు మార్కెట్ ధర మీద గాక పంట రాబడి మీద పన్ను ఏస్తున్నది. అందుకే పసులను పెట్టుడు లాభం, పాలు, మాంసం కోసం గాకపోయినా.

ఇట్ల కట్టుకోనోళ్లు పోయిన్రు. ఉత్తర టెక్సస్‌ల వాగనర్ రాంచ్ ఒక్క కంచె లోపల 5 లక్షల 35 వేల ఎకరాలు. 1991ల కుటుంబంల రెండు పక్కలు కోర్టుకెక్కినయ్. పాతికేండ్లు తిరిగి, 2016ల అర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్ స్టాన్ క్రోంకె కొనుక్కున్నడు. 1870ల మొదలైన ‘ఫోర్ సిక్సెస్’ రాంచ్ యజమాని ఆన్ మరియన్ 2020ల సచ్చిపోయింది. తన తర్వాత అమ్మేయమని వీలునామాల రాసింది. కొన్న గుంపుల ఉన్నది ఎవరనుకున్నరు? ‘ఎల్లోస్టోన్’ సీరియల్ రాసిన టేలర్ షెరిడన్. ముత్తాత జాగ అమ్మద్దనే కథ రాసిన పైసలతోని, ఇంకొకల ముత్తాత జాగ కొన్నడు.

కినేన్యోల కథ ఇంతట్ల అయిపోలేదు. 1915ల నోరియాస్ కాడ రాంచ్ పక్కన నిలబడి కొట్లాడినోళ్లల్ల లౌరో కవాసోస్ అని ఒకడున్నడు. తర్వాత రాంచ్‌ల ఫోర్‌మన్ అయిండు. ఆయన పిల్లలు రాంచ్‌ల పుట్టి పెరిగిన్రు. పెద్ద చదువులకు పోవాలని తండ్రి పట్టువట్టిండు. ఒక కొడుకు, ఆయన పేరే పెట్టుకున్నోడు, 1988ల అమెరికా విద్యాశాఖ మంత్రి అయిండు, ఆ దేశ క్యాబినెట్‌ల కూసున్న మొదటి హిస్పానిక్ మనిషి. తర్వాత తన బతుకు మీద పుస్తకం రాస్తే, మంత్రి అని గాదు, కినేన్యో అనే పేరు పెట్టుకున్నడు. తమ్ముడు రిచర్డ్ సైన్యంల చేరి నాలుగు నక్షత్రాల జనరల్ అయిండు, ఆ ర్యాంకు దాక పోయిన మొదటి హిస్పానిక్ ఆయనే. 2023ల టెక్సస్‌ల ఉన్న ఫోర్ట్ హుడ్ అనే పెద్ద సైనిక స్థావరానికి ఫోర్ట్ కవాసోస్ అని పేరు మార్చిన్రు. రెండేండ్లు ఆ బోర్డు ఉన్నది. 2025ల మళ్ల ఫోర్ట్ హుడ్ చేసిన్రు.